తలుపు వేశాక వాయించకూడదు

డిసెంబరు సాయంత్రం, మైలాపూరులో ఒక సభ. క్షేత్రయ్య పదం, అంటే అభినయానికి పాడే శృంగార గీతం, నడుస్తోంది. సురటి రాగం, 'ఇందెందు వచ్చితివిరా'. ఇంకొకతె ఇంటికి పోవాల్సినవాడు తన గడప ఎక్కితే నాయిక నిలదీస్తోంది. నాట్యం చేస్తున్న అమ్మాయి ఆ రోజు రిహార్సల్లో లేని పని ఒకటి చేసింది. వాడితో మాట్లాడుతూ మాట్లాడుతూ నాలుగడుగులు వెనక్కి వేసి, అక్కడ లేని రెండు రెక్కల తలుపు మూసి, గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడిపోయింది. గాత్రం ఆగింది. మృదంగం ఆగింది. వయొలిన్ నాది. అంత ఖాళీ ఎదురుగా కనబడేసరికి ఊరుకోలేకపోయాను. పై షడ్జం, అంటే పై 'స', దాకా పోయే తీయటి ప్రయోగం ఒకటి వాయించి ఆ చోటు నింపేశాను. హాల్లో ఎవరో 'ఆహా' అన్నారు కూడా.

కార్యక్రమం అయ్యాక గజ్జెలు విప్పుకుంటూ ఆ అమ్మాయి నవ్వుతూనే అంది: "అన్నా, నేను తలుపు వేశాను. మీరు తీసేశారు."

చుట్టాలు నన్ను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. నాట్యం చేసే ఆవిడ అప్పటికప్పుడు కల్పించి చేస్తుంటే మీరంతా ఎలా కలుస్తారు, ముందే అనుకుంటారా, చూసి వాయిస్తారా అని. నెల్లూరు నుంచి వచ్చినప్పుడల్లా మా మేనత్త అయితే "అంతా ముందే కట్టుకునుంటార్రా, మన ముందు నాటకం" అని తేల్చేస్తుంది. మా అత్త మాటలో సగం నిజముంది. మిగతా సగం చెప్పడానికే ఇదంతా.

ముందు నిజమున్న సగం. భరతనాట్యంలోగానీ కూచిపూడిలోగానీ జతులు, అంటే అర్థం లేని తాళపు మాటలకు వేసే అడుగుల వరుసలు, ఈ రోజుల్లో దాదాపు అన్నీ ముందే కట్టినవే. ఏ అడుగు ఎక్కడ పడాలో, వరుస చివరి తీర్మానం ఎక్కడ ముగియాలో నెలల తరబడి సాధన చేసి వస్తారు. అక్కడ కల్పనకు చోటు తక్కువ. చోటున్నది అభినయంలో. పదంలో, జావళిలో, వర్ణంలో కొన్ని లైన్ల దగ్గర నర్తకి ముందు మాటకు మాట అర్థం చేతుల్లో పట్టి చూపిస్తుంది. తర్వాత ఆ మాటల్ని వదిలేసి వాటి చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. దాన్నే సంచారి అంటాం. వాడి మెడకు అంటిన పరాయి గంధం చూస్తుంది. ఆ రెండో ఆవిడ ఉండే వీధి ఎటో వేలుపెట్టి చూపిస్తుంది. నిన్న రాత్రి తను వెలిగించి కూర్చున్న దీపం ఎంతసేపటికి కొడిగట్టిందో గుర్తు చేసుకుంటుంది. ఇందులో ఏది వస్తుందో, ఏది ముందు వస్తుందో, ఎంతసేపు ఉంటుందో ఒక్కోసారి ఆవిడకే తెలియదు.

ఆవిడ ఎటు పోయినా పాట మాత్రం అదే లైన్లో ఉంటుంది. లైను పాడటానికి 10 సెకన్లు పడుతుందనుకుంటే 3 నిమిషాల సంచారికి గాయని ఆ లైనే 18 సార్లు పాడాలి. పద్దెనిమిదిసార్లూ ఒకేలా పాడితే వినలేం. పద్దెనిమిదిసార్లూ కొత్త సంగతి, అంటే అదే లైనుకు కొత్త స్వరాల మలుపు, వేస్తే నాట్యం కనబడదు. ఈ ఇరుకులోనే మా బతుకంతా.

ఇక మిగతా సగం. నర్తకి చేస్తుంటే వాద్యాలవాళ్లు చూసి వెంటపడతారని చాలామంది అనుకుంటారు. అది శరీరానికి సాధ్యమయ్యే పని కాదు. కంటితో చూసి చేత్తో స్పందించడానికి మామూలు మనిషికి సుమారు 0.2 సెకను పడుతుంది. నిమిషానికి 80 అక్షరాలు, అంటే 80 తాళపు దెబ్బలు, నడిచే ఆది తాళం తీసుకోండి. అక్షరానికి 0.75 సెకను. చతురశ్ర నడకలో అక్షరానికి నాలుగు మాత్రలు కాబట్టి మాత్రకు 0.19 సెకను కూడా లేదు. అంటే అడుగు పడింది చూసి మృదంగం మీద దెబ్బ వేస్తే ఆ దెబ్బ పక్క మాత్ర మీద పడుతుంది. వినేవాళ్లకు అది తప్పుకిందే లెక్క. కాబట్టి చూసి వాయించేవాడు ఎప్పుడూ వెనకే ఉంటాడు. కలిసి వాయించాలంటే ఇంకా పడని అడుగును వాయించాలి.

అది ఎలా? తాళం ఉన్నది అందుకే. ఆ వేగంలో ఆది తాళం ఆవృతం, అంటే ఎనిమిది అక్షరాల ఒక చుట్టు, సరిగ్గా 6 సెకన్లు. బీచ్ నుంచి తాంబరం పోయే ఎలక్ట్రిక్ ట్రైన్ లాంటిది సమం, అంటే ఆవృతంలో మొదటి దెబ్బ. ఇది తప్పితే ఇంకోటి వస్తుంది, అదే ప్లాట్‌ఫారం మీదికే వస్తుంది. నర్తకి మనసులో 'ఇక ముగిద్దాం' అనుకున్న క్షణం ఆవృతం నడుమ ఎక్కడైనా ఉండొచ్చు. ఆ నిర్ణయం దిగేది మాత్రం సమం మీదో, పాట ఎత్తుగడ (లైను మొదలయ్యే చోటు) మీదో. రెండింటి మధ్య ఉన్న రెండు మూడు సెకన్లే మాకు దొరికే టైము. ఆ కాస్తా చాలు.

దీని వెనక ఎంత చక్కటి లెక్క ఉందో ఒక్క ఉదాహరణ. 'తధిగిణతొం' ఐదు మాత్రల మాట. దాన్ని మూడుసార్లు వేసి సమానికి దిగడం అందరికీ తెలిసిన ముగింపు. మధ్యలో విరామం లేకుండా వేస్తే 15 మాత్రలు. ఆది తాళంలో 32 మాత్రలు కాబట్టి 18వ మాత్ర మీద ఎత్తుకోవాలి. ఐదో అక్షరం 17వ మాత్ర మీద పడుతుంది, అంటే ఆ దెబ్బ తర్వాత ఒక్క మాత్ర వదిలి అన్నమాట. మూడింటి మధ్యా రెండేసి మాత్రలు ఆగితే మొత్తం 19. అప్పుడు 14వ మాత్ర మీద, నాలుగో అక్షరం తర్వాత ఒక్క మాత్ర వదిలి మొదలవ్వాలి. ఇప్పుడు చూడండి. ఎత్తుకున్న చోటే ముగింపు ఎలా ఉండబోతోందో చెప్పేస్తోంది. నాలుగో అక్షరం దాటగానే తాళాలు కొడుతూ జతులు పలికే నట్టువాంగం ఆయన నోట 'త' అని వినబడిందంటే, ఆగి ఆగి వేస్తారని మృదంగంవారికి మిగతా మాట వినకముందే తెలిసిపోతుంది. చూసేవాళ్లకు అది మాయ. వాయించేవాళ్లకు చిన్నప్పుడు బట్టీపట్టిన ఎక్కం.

కథక్‌వాళ్లది ఇంకో పద్ధతి. అక్కడ నృత్తంలోనే, అంటే కథ లేని ఉత్త అడుగుల్లోనే, కల్పన ఎక్కువ. సారంగి మీదో హార్మోనియం మీదో 16 మాత్రల తీన్‌తాల్‌కు ఒకే చిన్న వరుస, నగ్మా అంటారు, గడియారంలా తిరుగుతూనే ఉంటుంది. పైగా నర్తకి చేయబోయే బోల్‌ను, అంటే ఆ అడుగుల మాటలను, ముందు నోటితో చదివి మరీ ఆడుతుంది. తబలా ఆయనకు చీటీ రాసి ఇచ్చినట్టే. మా పదాల్లో ఆ వెసులుబాటు లేదు. 'ఇప్పుడు నేను కాస్త ఏడుస్తాను' అని ఏ నాయికా ముందు చదివి చెప్పదు కదా.

మరి సంచారి అయిపోతోందని ఎలా పసిగడతాం? అన్నిటికన్నా పెద్ద గుర్తు చెయ్యి. కథలన్నీ చెప్పి ఆవిడ మళ్లీ మొదటి హస్తాలకు, అంటే 'ఇక్కడికి', 'ఎందుకు' అనే ఆ అసలు మాటల దగ్గరికి వచ్చిందంటే ఇంటికి తిరిగొచ్చినట్టు. గాయని అలంకారాలు మానేసి లైనును ఉన్నదున్నట్టు సాదాగా ఒకసారి పాడుతుంది, మృదంగం చిన్న ముక్తాయింపు వేస్తుంది, తర్వాతి లైను అందుకుంటాం. ఇంకా చిన్న గుర్తులున్నాయి. పక్కకు వెళ్లినావిడ వేదిక మధ్యకు నడిచి వస్తుంది. ఒంటి బరువు ఒక కాలి మీదనుంచి రెండు కాళ్ల మీదకు మారుతుంది. నేను గమనించే గుర్తు మాత్రం ఊపిరి. పెద్ద భావం వదిలిపెట్టే ముందు భుజాలు పైకి లేచి దిగుతాయి. దాన్ని ఆవిడ కావాలని చేయదు. అందుకే నమ్మొచ్చు.

దొంగ గుర్తులూ ఉంటాయి. ఇంటికి వచ్చినట్టే వచ్చి, చెయ్యి సగం లేచాక, ఇంకో ఆలోచన తట్టి మళ్లీ బయటికి పోతుంది. అప్పటికే మృదంగం ముక్తాయింపు మొదలుపెట్టేసి ఉంటే అందరికీ టెన్షన్. ఇలాంటప్పుడు అనుభవమున్న మృదంగం ఆయన మొదలుపెట్టిన ముక్తాయింపును పూర్తిచేయకుండా, ఎడమచేత్తో ఒక గుముకి, అంటే సాగే మంద్ర నాదం, లాగి, అదేదో మొదటినుంచీ ఆమె కొత్త ఆలోచనకే వాయించినట్టు కలిపేస్తాడు. మేము తర్వాత కాఫీ దగ్గర నవ్వుకునేవి ఎక్కువగా ఇలాంటివే.

ఇంతవరకూ ఆమె చెప్పడం, మేము పట్టుకోవడం. కానీ సగంసార్లు దారి చూపించేది పాటే. ఇక్కడ తెలుగు వచ్చినవాళ్లకు ఒక లాభం ఉంది. 'ఇందెందు' అన్న మాట మీద గాయని నిలబడి సంగతులు వేస్తే, ఈ ఇంటికి ఎందుకు, నీ ఇల్లు ఇదా అన్న ప్రశ్న పైకి వస్తుంది. నర్తకి చెయ్యి గుమ్మం వైపు, వీధి వైపు పోతుంది. 'వచ్చితివిరా' మీద ఆగితే వేరే కథ. వచ్చావన్నమాట, ఇన్నాళ్లకు! తిడుతున్నా అందులో వాడు వచ్చాడన్న సంతోషం దాగడం లేదు. ఇక చివరి 'రా' ఒక్కటే పట్టుకుని సాగదీస్తే? 'రా' అని పిలవగలిగిన చనువు ఇంకా మిగిలుందని అర్థం. కోపం అంతా చల్లారిపోయిన మనిషి 'అండీ' అంటుంది. మూడు చోట్లా స్వరాలు కాస్తే మారతాయి, భావం మాత్రం మొత్తం మారిపోతుంది. ఎక్కడ ఆగాలో గాయని ఎంచుకున్న ఆ క్షణాన నాట్యం నడిపిస్తున్నది ఆవిడే.

చెన్నైలో ఈ పదాలు పాడేవాళ్లలో చాలామందికి తెలుగు ఇంట్లో మాట్లాడే భాష కాదు. గొప్పగా పాడతారు, మనకంటే భక్తిగా పాడతారు. కాకపోతే ఊపిరి కోసం 'వచ్చి' దగ్గర విరిచి, 'తివిరా' అని కొత్తగా ఎత్తుకున్నప్పుడు నర్తకి చేతిలో ఏ అర్థం పెట్టుకోవాలి? 'తివిరా' అంటే ఏం చూపిస్తుంది పాపం. రిహార్సల్లో తెలుగువాళ్లం మేమెవరైనా ఉంటే మొదటి అరగంట మాటలు ఎక్కడ విరవొచ్చో, ఎక్కడ విరవకూడదో పెన్సిలుతో గీతలు పెట్టడంతోనే సరిపోతుంది. ఇది భాషాభిమానం గొడవ కాదు, సంచారి కుదరాలంటే కావాల్సిన పని. మాట విరిగితే ఊహ కూడా అక్కడే విరుగుతుంది.

పాడేవాళ్లూ ఆడేవాళ్లూ వేరువేరు కావడమే ఈ ఇబ్బందికి మూలం. ఒకప్పుడు అంత తేడా లేదు. మన తెలుగునాట కలావంతులు పదం తామే పాడుకుంటూ, చాలాసార్లు కూర్చునే, అర్థం మీద అర్థం గుమ్మరించి అభినయించేవారు. ఎప్పుడు ఆగాలో ఎవరికీ సైగ చేయక్కర్లేదు, గొంతూ చెయ్యీ ఒక్కరివే. ఇదే మైలాపూరులో కపాలీశ్వరస్వామి గుడికి చెందిన గౌరీ అమ్మాళ్ పాడుతూ అభినయించడంలో పేరున్నవారు. నర్తకి బాలసరస్వతికీ, కళాక్షేత్ర నాట్యపాఠశాల స్థాపించిన రుక్మిణీదేవికీ ఇద్దరికీ అభినయం నేర్పింది ఆవిడే. బాలసరస్వతి (1918–1984) సంగతి చెప్పక్కర్లేదు. క్షేత్రయ్య పదాలకు పెట్టింది పేరైన వీణ ధనమ్మాళ్ మనవరాలు. తల్లి జయమ్మాళ్ పాడితే కూతురు అభినయించేది. తమ్ముళ్లలో రంగనాథన్ మృదంగం, విశ్వనాథన్ వేణువు. పుట్టినప్పటినుంచీ ఒకరి ఊపిరి ఒకరికి తెలిసిన మనుషులు. 1973లో మ్యూజిక్ అకాడమీ సంగీత విద్వాంసులకిచ్చే సంగీత కళానిధి బిరుదు ఆవిడకిచ్చింది. నాట్యకళాకారిణికి సంగీతం బిరుదేమిటని అప్పుడెవరైనా అడిగారో లేదో గానీ, పైన చెప్పిన లెక్కలో చూస్తే అందులో వింతేమీ లేదు.

ఇంకో మార్పు కూర్చునే చోటు. వెనకటి మేళాల్లో నట్టువాంగం చేసే నట్టువనార్, మృదంగం, మిగతావాళ్లు నర్తకి వెనకే నిలబడి, ఆవిడ ముందుకొస్తే ముందుకు, వెనక్కెళితే వెనక్కు కదిలేవారు. మృదంగం నడుముకు కట్టుకునేవారు. 1930లు, ఆ తర్వాతి కాలంలో కచేరీ వేదిక మీదికి వచ్చాక వాద్యాలను పక్కకు తెచ్చి కూర్చోబెట్టారు. ఈ మార్పుకు రుక్మిణీదేవి పేరే ఎక్కువగా చెబుతారు. వేదిక శుభ్రంగా, అందంగా మారింది, నిజమే. కానీ మాకు ఇప్పుడు కనబడేది ఒక పక్క ముఖం మాత్రమే. ఆవిడ అటు తిరిగితే కనబడేది జడ, జడలో పూలు. నేను కొన్ని సంచారీలు జడ కదలికను బట్టి వాయించాను. హాస్యానికి అనడం లేదు. కోపంగా తల తిప్పితే జడకుచ్చులు ఒకలా ఊగుతాయి, బెట్టుగా తిప్పితే ఇంకోలా.

దీనికి తోడు లైట్లు. నర్తకి మీద వెలుగు, మా మీద చీకటి, మా కళ్లలోకి ఎదుటి స్పాట్‌లైటు. సౌండ్ ఆయన మాకు పెట్టిన మానిటర్‌లో గాత్రం, తంబుర దంచేస్తుంటాయి, గజ్జెలు మాత్రం వినబడవు. అభినయంలో గజ్జె చప్పుడే మాకు రెండో కన్ను. మడమ నేలకు తాకిన మెత్తటి 'ఛం' వినబడితే చూడకుండానే చెప్పొచ్చు ఆవిడ నడుస్తోందా, ఆగిందా అని. వేదిక ముందు అంచున నేలకు దగ్గరగా ఒక మైకు పెట్టి అది మా మానిటర్‌లోకి కూడా ఇవ్వండి అని ప్రతి సభలోనూ బతిమాలుకుంటాం. ఇస్తామంటారు.

మార్గళి నెలలో, అంటే డిసెంబరు, జనవరి కచేరీల రోజుల్లో, ఒకే వాద్యకారుడు వారంలో నలుగురైదుగురికి వాయిస్తాడు. ఒక్కొక్కరితో ఒక్కటే రిహార్సల్, అదీ టీనగర్‌లోనో అడయార్‌లోనో ఎవరింటి హాల్లోనో సోఫాలు గోడకు జరిపి. ఆ రెండు గంటల్లో మేము సంచారీలు సాధన చేయం. శ్రుతి ఎంత, నడక ఎంత, ఏ చరణాలు, ఏ లైను దగ్గర ఓపెన్‌గా ఉంచాలి, తిరిగొచ్చాక ఎత్తుగడ ఎక్కడ, చివర పల్లవికి రావాలా వద్దా, ఇవే. బయటికి వచ్చే దారులు మాట్లాడుకుంటాం, లోపల ఏం జరుగుతుందో ఆవిడకే వదిలేస్తాం. మా అత్త చెప్పిన 'ముందే కట్టుకోవడం' ఇదే.

వాద్యకారుల ఖర్చంతా భరించలేక రికార్డింగుకు ఆడేవాళ్లు ఎక్కువ. తప్పు పట్టను. నలుగురు వాద్యకారులకు రిహార్సల్‌కీ కార్యక్రమానికీ ఇచ్చుకోవడం ఏ మధ్యతరగతి ఇంటికైనా బరువే. కానీ ట్రాకులో ఆ లైను 12 సార్లు ఉంటే 12 సార్లే. పదకొండోసారి అద్భుతమైన ఆలోచన వచ్చినా చోటు లేదు, ఎనిమిదోసారికే చెప్పాల్సింది అయిపోయినా ఆపడానికి లేదు. దగ్గర్నుంచి చూస్తే కళ్లలో లెక్క కనబడుతుంది, ఆరు, ఏడు, ఎనిమిది. నాయిక విరహంలో ఉంటుంది, నర్తకి ఎక్కంలో ఉంటుంది.

తాళమే లేని చోట ఏం చేస్తారు అన్నది ఇంకో ప్రశ్న. 1972లో అమెరికాలో స్టీవ్ పాక్స్‌టన్ మొదలుపెట్టిన కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్‌లో ఇద్దరు మనుషులు ఒకరి బరువు ఒకరి మీద వేసుకుంటూ, జారుతూ, లేస్తూ ఆడతారు. చాలాచోట్ల సంగీతం లేకుండానే చేస్తారు. కారణం తేలికే. లయ వినబడితే ఒళ్లు బరువు చెప్పిన మాట వినడం మానేసి లయ చెప్పిన మాట వింటుంది. నేను అలాంటి వాళ్లకు ఒకటి రెండుసార్లు వాయించాను. మొదటిసారి అలవాటుకొద్దీ వాళ్లు దూకితే పైకి, పడితే కిందకి స్వరం పట్టుకుపోయాను. పది నిమిషాల్లో కార్టూన్ సినిమాలా తయారైంది. సమం లేనిచోట ముందే పసిగట్టే దారి లేదు. అందుకని మిగిలేది వెనకపడి అనుకరించడమే. రెండోసారి ఒక్క స్వరం పట్టుకుని దాని బరువు మార్చుతూ కూర్చున్నాను. వాళ్ల దారి వాళ్లది, నాది నాది, అప్పుడప్పుడు ఎదురుపడ్డాం. బెసంట్‌నగర్‌లో ఉండి పనిచేసిన నాట్యకర్త చంద్రలేఖ 2001 నాటి తన 'శరీర' నాట్యానికి గుండేచా సోదరుల ధ్రుపద్ గానం పెట్టుకున్నది ఇలాంటి ఆలోచనతోనే అనిపిస్తుంది నాకు. అది కట్టిన నాట్యమే, కల్పన కాదు. అయినా తాళం ఇంకా మొదలవని ఆలాపన పక్కన శరీరం తన వేగంలో తను కదలొచ్చు. పాట దాని వెంట పరుగెత్తదు.

మళ్లీ తలుపు దగ్గరికి. ఆ సాయంత్రం నేను చేసింది స్వరం తప్పు కాదు, రాగం తప్పు కాదు. సురటిలో ఆ ప్రయోగం ఎవరు విన్నా ఒప్పుకుంటారు. కానీ పై షడ్జానికి ఎగబాకే స్వరంలో ఎంతో కొంత ఆశ ఉంటుంది. గడియ పెట్టి నిలబడ్డ మనిషి ముఖంలో అది లేదు. హాల్లోవాళ్లు ఆ ముఖం చూస్తున్నారు, నా స్వరం వింటున్నారు, రెండింట్లో నా స్వరాన్నే నమ్మారు. ఆవిడ తర్వాత ఒకటిన్నర ఆవృతం పాటు ఆ ఆశను చెరిపేయడానికే కష్టపడింది. అప్పుడు నాకు అర్థం కాలేదు, వీడియో చూస్తే అర్థమైంది.

ఫిబ్రవరిలో అదే పదం, అదే అమ్మాయి, ఇంకో ఊళ్లో ఇంకో వేదిక. ఈసారి తలుపు వస్తుందో రాదో నాకు తెలియదు, నేను అడగలేదు కూడా. చరణం అయ్యాక మళ్లీ పల్లవికొచ్చారు, నాలుగడుగులు వెనక్కి పడ్డాయి, రెక్కలు మూసుకున్నాయి. కమాను తీగల మీదనుంచి ఎత్తి తొడ మీద పెట్టుకున్నాను. మృదంగం ఆయన తొప్పి, అంటే ఎడమ మూత, మీద అరచెయ్యి ఆనించి పెట్టాడు, చప్పుడు రాకుండా. శ్రుతి పెట్టె ఒక్కటే మోగుతోంది. ఎంతసేపో తెలియదు. ఆవిడ తలుపుకు చెవి ఆనించి, వాడు వెళ్లిపోయాడా లేదా అని వినసాగింది. గాయని నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, ఇంకా లేదు అని.